నేర్పితేనే నిలిచే కళ

ఈ రోజు పట్టాలు అందుకుంటున్న యువ మిత్రులారా, మీ అందరికీ మనసారా అభినందనలు.

కడపలో వాస్తు, లలితకళల కోసం ఒక విశ్వవిద్యాలయం ఏర్పడింది 2020లో. ఈ సీమలో మనిషి బొమ్మ గీయడం మొదలుపెట్టి మాత్రం వేల ఏళ్లయింది. ముద్దనూరు మండలం చింతకుంట దగ్గరి గుండ్ల మీద, ఓర్వకల్లు ప్రాంతంలోని కేతవరం కొండల్లో ఆ కాలపు ఎర్రరంగు బొమ్మలు ఇంకా కనిపిస్తాయి. జంతువులున్నాయి, మనుషులున్నారు. వానలు పడని నేలలో కళ ఏం పండుతుందని ఎవరైనా అడిగితే, వాళ్లను వెంటబెట్టుకుని ఆ కొండలెక్కించండి.

అయితే ఆ గీసినవాళ్ల విద్య మనదాకా రాలేదు. బొమ్మ మిగిలింది, దాన్ని గీసిన పద్ధతి పోయింది. ఒక తరం చేతిలోని పని తర్వాతి తరం చేతికి అందకపోతే జరిగేది అదే. ఈ రోజు మీతో మాట్లాడాలనుకున్నది ఆ అందించడం గురించే.

మన సీమలోనే ఉన్న శ్రీకాళహస్తికి వెళదాం. ఇరవయ్యో శతాబ్దం నడిమికి వచ్చేసరికి అక్కడ కలంకారీ దాదాపు అంతరించే దశకు చేరింది. గుడులకు తెరలు రాయించే ఆదరణ సన్నగిల్లింది, పని తెలిసినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది మిగిలారు. అప్పుడు కమలాదేవి చటోపాధ్యాయ చొరవతో అఖిల భారత హస్తకళల బోర్డు 1957లో అక్కడ ఒక శిక్షణ కేంద్రం తెరిచింది. తనకు తెలిసిన విద్యను జొన్నలగడ్డ లక్ష్మయ్య గారు అక్కడ పిల్లలకు నేర్పారు. ఆయన కుమారుడు గురప్పశెట్టి గారు తండ్రి దగ్గర నేర్చుకుని, గొప్ప చిత్రకారుడై, తిరిగి ఎందరికో నేర్పారు. 2008లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆయన కుమారుడు నిరంజన్ గారూ అదే కలం పట్టారు. ఇవాళ ఆ ఊళ్లో కలంకారీ మీద బతుకుతున్నవాళ్లలో ఆడవాళ్లు ఎందరో ఉన్నారు.

ఆ పని ఎలా జరుగుతుందో చూస్తే, దాన్ని దగ్గరుండి ఎందుకు నేర్పాలో తెలుస్తుంది. కోరా గుడ్డను కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో నానబెట్టి ఆరబెడతారు. పాలలోని కొవ్వు వల్ల రంగు గుడ్డ మీద పాకదు. చింతబరికల బొగ్గుతో బొమ్మ గీస్తారు. తుప్పు పట్టిన ఇనుప ముక్కలను బెల్లం నీళ్లలో రోజుల తరబడి ఊరబెట్టి నల్లరంగు చేస్తారు. ఆ ఇనుము, గుడ్డలోని కరక్కాయ వగరు కలిసినప్పుడే నలుపు తేలుతుంది. ఎరుపు పట్టడానికి పటిక కావాలి, గుడ్డ ఉతకడానికి పారే నీళ్లు కావాలి. ఇదంతా పుస్తకంలో రాయొచ్చు. కానీ ఊరిన నీళ్లు ఎప్పుడు పక్వానికి వచ్చాయో, వెదురు కలానికి చుట్టిన ఉన్నిని ఎంత నొక్కితే గీత సన్నగా దిగుతుందో పక్కన కూర్చుంటేనే తెలుస్తుంది.

గోదావరి ఒడ్డున చిత్రకారుడు దామెర్ల రామారావు గారు కూడా ఈ సంగతి గ్రహించారు. బొంబాయిలోని జె.జె. కళాశాలలో చదివి, పేరు తెచ్చుకుని, సొంత ఊరు రాజమండ్రికి తిరిగొచ్చి చిత్రకళాశాల పెట్టారు. 1925లో మశూచి ఆయన్ను తీసుకుపోయేనాటికి ముప్ఫై ఏళ్లైనా నిండలేదు. ఆ బడి మాత్రం ఆగలేదు. మిత్రుడు వరదా వెంకటరత్నం గారు దాన్ని నడిపించారు. ఆయుష్షు తక్కువైనా ఆ పనికి వారసులు దొరికారంటే, నేర్పడం మొదలుపెట్టి ఉండడమే కారణం.

నేర్పడమంటే పాతదాన్ని కదలకుండా కాపలా కాయడం కాదు. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మలాటకు ప్రేక్షకులు తగ్గినప్పుడు, అక్కడి కళాకారులు అదే తోలు మీద, అదే రంగులతో దీపాల తొడుగులు చేసి బతుకుదెరువు వెతుక్కున్నారు. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. నేర్చుకున్న చేయి ఉన్నప్పుడే కొత్త దారి తొక్కగలదు.

మీలో కొందరు హైదరాబాదుకో బెంగళూరుకో వెళతారు. యానిమేషన్ చేస్తారు, ఇళ్లకు అందాలు దిద్దుతారు. వెళ్లండి, బాగా సంపాదించండి. వారంలో ఒక పూట మాత్రం పిల్లలకు ఇవ్వండి. ఆదోని, కోసిగి, మంత్రాలయం పల్లెల నుంచి ప్రతి ఏటా కుటుంబాలకు కుటుంబాలే సుగ్గికి, అంటే పంట పనుల వలసకు, పోతున్నాయి. పత్తి చేలల్లో, మిరప చేలల్లో పిల్లల చదువు తెగిపోతోంది. అమ్మానాన్నలు వలస వెళ్లినా బడి మానకుండా సీజనల్ హాస్టళ్లలో ఉండే పిల్లలున్నారు. సాయంత్రాలు ఇల్లు గుర్తొచ్చే ఆ పిల్లల దగ్గరకు మీరు వెళ్లాలి.

ఖరీదైన సరంజామా అక్కర్లేదు. జాజు, సున్నం, బొగ్గు చాలు. మన నాపరాయి బండ కన్నా మంచి పలక ఏముంది? మీ బొమ్మకు నకలు గీయమని అడగకండి. వాళ్ల మేకను, వాళ్ల అవ్వను, వాళ్లు ఎక్కిన లారీని గీయనివ్వండి. గీత ఎక్కడ తడబడిందో కనిపెట్టి, ఎందుకు తడబడిందో ఓపికగా చెప్పండి. అలా చెప్పాల్సి వచ్చినప్పుడు మీ గీతను మీరూ కొత్తగా చూసుకుంటారు. నేర్పినందుకు డబ్బు తీసుకోవడంలో నామోషీ లేదు. ఇవ్వలేని బిడ్డను మాత్రం వెనక్కి పంపకండి.

మీకు పేరు రావాలి, మీ చిత్రాలు గొప్ప గోడల మీద వేలాడాలి. అంతకంటే ఎక్కువగా, మీరు చేయి పట్టి గీత నేర్పిన ఒక పల్లెటూరి పిల్ల మీకన్నా మంచి చిత్రకారిణి కావాలని కోరుకుంటున్నాను. ఆ పని ఈ సంవత్సరమే మొదలుపెట్టండి. మీకు శుభం కలగాలి.