విస్తరి మడువని అతిథి



విందునకు వచ్చిన అతిథి తృప్తిగా భుజించి విస్తరి మడిచినచో, వడ్డన చేయువారికి వేరే మాటతో పనిలేదు. ఆ పీట ఖాళీ కానున్నదని గృహస్థు గ్రహించి రెండవ పంక్తివారిని సిద్ధపఱచును. భోజనము ముగిసిన పిమ్మట కూడ విస్తరి మడువక, పీట విడువక ఊరక కూర్చుండిన అతిథి ఒకడున్నాడనుకొందము. లెమ్మనుట మర్యాద కాదు. అనకున్నచో వాకిట నిలిచినవారికి చోటు లేదు. ఈ చిక్కు కంప్యూటరులలో కూడ కలదు. చిత్రమేమనగా, ఆ శాస్త్రమువారు ఈ ఉభయులకు పెట్టుకొన్న పేర్లు కూడ అతిథి, ఆతిథేయి అనునవే.

ఒక పెద్ద కంప్యూటరును పలువురకు పంచి ఇచ్చు విధానమొకటి ఉన్నది. అందులో ఒక ప్రోగ్రాము కూర్చుండి, ఆ ఒక్క యంత్రమున అనేకములైన చిన్న కంప్యూటరులు ఉన్నట్లు నటించును. వానిని వర్చువల్ మెషిన్లు అందురు. మనము కల్పిత యంత్రములందము. ప్రతి కల్పిత యంత్రమును తానొక సంపూర్ణమైన కంప్యూటరునని నమ్ముచు, తన ఆపరేటింగ్ సిస్టమును తాను నడుపుకొనుచుండును. ఇది అతిథి. క్రిందనుండి అందఱిని మోయుచున్న అసలు యంత్రము ఆతిథేయి. నేడు ఇంటర్నెట్టు ద్వారా గంటల లెక్కన అద్దెకు దొరకు కంప్యూటరులలో పెక్కు ఇట్టి కల్పిత యంత్రములే.

మా స్టూడియోలో కూడ ఒకే పెట్టెలో ఇట్టివి నాలుగు కాపురమున్నవి. ధ్వనిముద్రణలను కత్తిరించి కూర్చునది ఒకటి, ప్రసారముల పట్టికను నడుపునది మఱియొకటి, తక్కిన రెండును కార్యాలయపు పనులకు. గత సంవత్సరము ఒకనాటి సాయంకాలము, ప్రసారమునకు పావుగంట ముందు, పట్టికను నడుపు యంత్రము నత్తనడక పట్టినది. ఒక మీట నొక్కిన అరనిమిషమునకు గాని బదులు లేదు. మా ఇంజనీరు మిత్రుడు వచ్చి పరిశీలింపగా, మధ్యాహ్నమే పని ముగించుకొని విశ్రాంతిగా ఉన్న ధ్వని సంకలన యంత్రము పేరిట మెమరీలో సింహభాగము వ్రాసియున్నది. ఆ యంత్రములోనికే పోయి విచారించినచో, తన వద్ద మెమరీ చాల ఖాళీగా ఉన్నదని అది చెప్పుచున్నది! ఆతిథేయి లెక్కలో ఆ ఖాళీ జాడయే లేదు. రెండు లెక్కలును నిజమైనవే. ఆనాడు కార్యక్రమము రెండు నిమిషములు ఆలస్యముగా మొదలైనది. మేము మైకు ముందు క్షమాపణ చెప్పుకొంటిమి. ఆ రెండు నిమిషములకు కారణము వెదకబోయి తెలిసికొన్న సంగతులనే నేడు మనవి చేయుచున్నాము.

కంప్యూటరు తన మెమరీని పుటలుగా విభజించుకొనును. సామాన్యముగా ఒక్కొక్క పుట 4 కిలోబైట్లు. 16 గిగాబైట్ల మెమరీ అనగా 41,94,304 పుటలన్నమాట. అతిథికి 16 గిగాబైట్లు ఇచ్చెదనని మాట ఇచ్చిన ఆతిథేయి, సాధారణముగా వానినన్నిటిని తొలినాడే తీసి ఇయ్యదు. అతిథి ఒక పుటను మొదటిసారి తాకినప్పుడు ప్రాసెసరు ఆగి ఆతిథేయికి కబురు చేయును. అప్పుడొక అసలు పుట ఆ స్థానమున అమర్చబడును. కాబట్టి అతిథి పుచ్చుకొనుట ఆతిథేయికి తెలిసియే జరుగును.

విడుచుట అట్లు కాదు. అతిథిలో ఒక ప్రోగ్రాము ముగిసినప్పుడు, దాని పుటలను అతిథి తన సొంత చిట్టాలో ‘ఖాళీ’ అని వ్రాసికొనును. అది ఇంటిలోపలి వ్రాత. దానికి చప్పుడు లేదు, ప్రాసెసరు ఆగదు, కబురు పోదు. ఆతిథేయి దృష్టిలో ఆ పుట ఇంకను అతిథి చేతిలోనే ఉన్నది. గోదావరి గట్టున స్తంభముపై వరద గుర్తు ఉండును గదా! నీరు తీసిన తరువాత కూడ ఆ గుర్తు దిగిరాదు. అతిథి ఒక్క గంటసేపు 12 గిగాబైట్లు వాడి, మిగిలిన దినమంతయు 2 గిగాబైట్లతో సరిపెట్టుకొన్నను, ఆతిథేయి చిట్టాలో 12 అనియే నిలిచియుండును.

అంతటితో పోయినచో బాధ లేదు. మెమరీ చాలనప్పుడు ఆతిథేయి కొన్ని పుటలను డిస్కుపై వ్రాసి దాచి, ఆ చోటును ఇతరులకు ఇచ్చును. చాలకాలముగా ఎవరును తాకని పుటలను అది ముందుగా ఎంచును. అతిథి విడిచిపెట్టిన పుటలను ఎవరును తాకరు గదా! అందుచేత అతిథికి అక్కఱలేని చెత్తను ఆతిథేయి ఎంతో శ్రద్ధతో డిస్కుపై భద్రపఱచును. కొంతసేపటికి అతిథి అదే పుటను క్రొత్త పనికి తీసికొని, ముందుగా సున్నలతో తుడువబోవును. తుడుచుటకు పుట ఎదుట ఉండవలెను గదా! ఆతిథేయి పరుగున పోయి ఆ చెత్తను డిస్కునుండి మరల తెచ్చి ఎదుట పెట్టును. మఱుక్షణమే అది తుడిచివేయబడును. మెమరీ వేగముతో పోల్చినచో డిస్కు వేగము బహు స్వల్పము. మా రెండు నిమిషములు ఈ వ్యర్థప్రయాణములకే వ్యయమైనవి.

ఈ కొఱతను పెద్దలు గమనింపకపోలేదు. కల్పిత యంత్రములకు పుట్టినిల్లు అమెరికాలోని కేంబ్రిడ్జి నగరమందలి ఐ.బి.ఎం. వారి పరిశోధన కేంద్రము. 1960 ప్రాంతపు దశకమున అక్కడ ఆ ప్రయత్నము మొదలైనది. 1972లో ఐ.బి.ఎం. ప్రకటించిన వి.ఎం./370 అను వ్యవస్థలో, ‘ఈ పుటలు నాకు అక్కఱలేదు’ అని అతిథి ఆతిథేయికి చెప్పుకొనుటకు ‘డయాగ్నోజ్’ అను ఆదేశములలో ఒకటి ప్రత్యేకముగా ఉండెను. తరువాత వచ్చిన చిన్న కంప్యూటరులలో అతిథికి తాను అతిథినని తెలియనే తెలియదు. తెలియనివాడు ఎవరికి చెప్పును?

2002 డిసెంబరులో బోస్టను నగరమున జరిగిన ఒక శాస్త్రసభలో వి.ఎం.వేర్ సంస్థకు చెందిన కార్ల్ వాల్డ్‌స్పర్గర్ ఒక చమత్కారమైన ఉపాయమును వివరించెను. అతిథి లోపల ఒక చిన్న ప్రోగ్రామును ప్రవేశపెట్టుదురు. దానిని బుడగ అందురు. ఆతిథేయికి మెమరీ కావలసినప్పుడు బుడగను ఊదుమని ఆజ్ఞాపించును. బుడగ ఉబ్బుచు అతిథిని మెమరీ అడుగును. అతిథి తన ఖాళీ పుటలను ముందుగా, అవి చాలకున్న తక్కువ అవసరమైనవానిని, దానికి ఇచ్చును. బుడగ ఆ పుటలను ఆతిథేయికి ఒప్పగించును. ఏ పుట అక్కఱలేదో అతిథికే బాగుగా తెలియును గనుక, నిర్ణయము దానికే వదలిపెట్టుట ఇందలి తెలివి.

అయినను ఇది ‘లెమ్మని’ చెప్పుట వంటిదే. ఎంత ఊదవలెనో, ఎప్పుడు వదలవలెనో ఆతిథేయి వైపు ఎవరో ఒకరు ఊహింపవలెను. తక్కువ ఊదినచో లాభము లేదు. ఎక్కువ ఊదియుండగా అతిథికి హఠాత్తుగా పని తగిలినచో, బుడగ దిగులోపల మెమరీ చాలక అతిథి తన ప్రోగ్రాములనే చంపుకొనవలసి రావచ్చును. ఊహ తప్పినప్పుడు శిక్ష అతిథికి పడుట న్యాయముగా లేదని మా అభిప్రాయము.

అడుగకయే చెప్పు విధానము లినక్స్ ఆపరేటింగ్ సిస్టములో 5.7వ కూర్పుతో, 2020 మే నెలాఖరున వచ్చినది. దానిని ‘ఫ్రీ పేజ్ రిపోర్టింగ్’ అందురు; ఖాళీ పుటల నివేదన యన్నచో సరిపోవును. రెడ్ హ్యాట్ సంస్థలోని నితేష్ నారాయణ లాల్ ఇట్టి ప్రయత్నమే అంతకుముందు చేసియుండెను. ఇంటెల్ సంస్థలోని అలెగ్జాండర్ డ్యూక్ వ్రాసినది అంగీకరింపబడినది. ఆతిథేయి పక్షమున పనిచేయు క్యూఎము అను ప్రోగ్రాము అదే సంవత్సరము ఆగస్టులో 5.1వ కూర్పుతో దీనిని అందుకొన్నది.

ఇందలి పనితనమును కొంచెము నిదానముగా చూడవలెను. ప్రతి చిన్న పుటను గూర్చియు విడిచిన వెంటనే చెప్పబోయినచో, చెప్పుటకే కాలమంతయు సరిపోవును. ఇప్పుడు విడిచిన పుటను ఉత్తరక్షణమున మరల తీసికొనుట కంప్యూటరునకు నిత్యకృత్యము. అందుచేత అతిథి రెండు నియమములు పాటించును. ఒకటి, విడిచిన పుటలు ప్రక్కప్రక్కన చేరి పెద్ద దిమ్మె అయినప్పుడే చెప్పును. మనము సామాన్యముగా వాడు ఇంటెల్ తరహా యంత్రములలో ఆ దిమ్మె 2 మెగాబైట్లు, అనగా 512 పుటలు. ఇట్లు జంటలు జంటలుగా ఖాళీలను కూర్చు పద్ధతిని 1965లోనే కెన్నెత్ నోల్టన్ ప్రకటించియుండెను. రెండవది, దిమ్మె ఏర్పడినంతనే తొందరపడక సుమారు 2 సెకనులు ఆగును. మనకు రెండు సెకనులు రెప్పపాటువంటివి గాని, కంప్యూటరునకు అది దీర్ఘాలోచనకు చాలినంత వ్యవధి.

పిమ్మట ఒక్కొక్క విడతకు 32 దిమ్మెల వఱకు చేర్చి ఆతిథేయికి జాబితా పంపును. ఇక్కడనే అసలు జాగ్రత్త ఉన్నది. జాబితా పంపినది మొదలు ఆతిథేయి సరే యనునంతవఱకు, ఆ దిమ్మెలను అతిథి ఎవ్వరికిని ఇయ్యక ప్రక్కన దాచియుంచును. అట్లు దాచనిచో ఏమగును? నివేదన దారిలో ఉండగా ఒక ప్రోగ్రాము ఆ పుటను తీసికొని దానిపై లెక్కలు వ్రాసికొనును, ఆతిథేయి పాత నివేదనను నమ్మి ఆ పుటను పాఱవేయును, లెక్కలు మాయమగును. మెమరీ వృథాయగుట కంటె ఇది వేయిరెట్లు కీడు. సమాధానము వచ్చిన తరువాత దిమ్మెలు ఖాళీ చిట్టాలోనికి తిరిగిపోవును; ‘నివేదింపబడినది’ అను గుర్తొకటి ఉండుటచే చెప్పినదే మరల చెప్పు పని ఉండదు.

చూచితిరా, అతిథి హక్కు ఇందులో తగ్గలేదు. ఆ పుట దాని చిట్టాలోనే ఉన్నది; ఎవరి అనుమతియు లేక ఎప్పుడు కావలసిన అప్పుడు తాకవచ్చును. తాకినప్పుడు ప్రాసెసరు ఆగి, ఆతిథేయి సున్నలతో తుడిచిన క్రొత్త పుటను అమర్చును. ఒకరు విడిచిన పుట మఱియొకరికి పోవునప్పుడు మునుపటివారి రహస్యములు వెంటబోవు. ఆ ఆగుటయందలి కొద్దిపాటి జాప్యమే ఇందుకు చెల్లించు మూల్యము.

లోపములు లేవని చెప్పజాలము. కల్పిత యంత్రమునకు ఏదైన పరికరమును సూటిగా అప్పగించినచో, దాని పుటలు మేకు కొట్టినట్లు బిగింపబడును. అప్పుడు ఈ నివేదన పనికిరాదు. అంతకంటె పెద్ద చిక్కు మఱియొకటి ఉన్నది. అతిథి డిస్కునుండి చదివిన ఫైళ్ల ప్రతులను, మరల కావలసివచ్చునేమోయని, మెమరీలోనే అట్టిపెట్టుకొనును. అవి దాని లెక్కలో ఖాళీలు కావు. విండోసులో లినక్సును అతిథిగా నడుపు ‘డబ్ల్యు.ఎస్.ఎల్. 2’ అను ఏర్పాటులో మైక్రోసాఫ్ట్ వారు 2019 అక్టోబరులోనే ఖాళీ పుటలను తిరిగి ఇప్పించు సదుపాయమును ప్రయోగాత్మకముగా పెట్టిరి. అయినను దాచుకొన్న ఫైళ్ల ప్రతులు కదలనందున, వానిని విడిపించు ఏర్పాటును 2023 సెప్టెంబరులో వేరుగా చేర్చవలసివచ్చినది.

ఇంకొక మాట. తిరిగివచ్చిన మెమరీని చూచి ఆశపడి, అదే పెట్టెలో ఐదవ అతిథిని, ఆఱవ అతిథిని దింపువారున్నారు. అందఱికిని ఒకేమారు ఆకలియైననాడు నివేదన కాపాడలేదు. వంట ఎందఱికి చేసితిమో ఆ లెక్క గృహస్థే చూచుకొనవలెను.

మా పెట్టె విషయమున ఇంజనీరు మిత్రుడు చేసిన పని చాల స్వల్పము. అతిథుల పట్టికలో ఆ నివేదన పేరు ఎదుట ‘ఆన్’ అని వ్రాసి, నాలుగు యంత్రములను ఆపి మరల నడిపించెను. ఆ మఱునాడు ధ్వని సంకలనము ముగిసిన పిమ్మట ఆతిథేయి లెక్కలోని అంకె మెల్లమెల్లగా దిగుచుండుటను మేము అతని భుజముమీదుగా చూచితిమి. సగము దారిలో ఆగినది. మిగిలినది ఏమని అడిగితిమి. ఆ ఉదయము సంకలనము చేసిన హరికథ ఫైళ్లట. మరల అడుగుదురేమోయని అతిథి దాచియుంచినదట. వానిని పంపివేయవలెనా, ఉంచవలెనా అని ఇప్పటికిని మాలో మాకు వాదమే.