లెక్క ఏ ఏడాది నుంచి మొదలుపెట్టాలి?

(ఉపకార వేతనాల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)

చెక్కు చేతికి రావాలంటే ముందు ఒక ఉపన్యాసం వినాలన్నది ఇటువంటి సభల ఆనవాయితీ. మీ వయసులో నేనూ వెనక వరుసలో కూర్చుని గోడ గడియారం చూసినవాణ్ణే.

"బాగా చదువుకుని పైకి రావాలి" అన్న విషయం మీద మాట్లాడమని కార్యదర్శిగారు చెప్పారు. ఆ మాట మీ అమ్మానాన్నలు రోజూ చెబుతున్నారు కనుక నేను వేరే విషయం ఎత్తుకుంటాను. పోయినేడు ఈ సభ అయ్యాక డిప్లొమా చదివే ఒక అమ్మాయి నా దగ్గరికి వచ్చి, "సార్, నేను ఇక్కడే పుట్టాను, మరాఠీలోనే చదివాను. అయినా కాలేజీలో తెలంగీ అంటారు. సెలవులకు అమ్మమ్మ ఊరు మంచిర్యాల పోతే ఆరెవాళ్ల పిల్ల వచ్చిందంటారు. ఇంతకీ నేనెవర్ని?" అని అడిగింది. ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పినవాణ్ణి, ఆ రోజు జవాబు చెప్పలేకపోయాను. ఏడాదిగా ఆలోచించి తెచ్చిన జవాబు ఇది.

ఎవరు స్థానికులు, ఎవరు బయటివాళ్లు అన్నది మనం లెక్క ఏ ఏడాది నుంచి మొదలుపెడతామన్న దాన్ని బట్టి ఉంటుంది.

మన జిల్లానే చూడండి. సిరొంచ ఒకప్పుడు జిల్లా కేంద్రం. అప్పర్ గోదావరి జిల్లా అనేవారు. భద్రాచలం అందులోదే. అంటే భద్రాద్రి రాముడి ఊరు కూడా కొన్నేళ్లు మనలాగే సెంట్రల్ ప్రావిన్సెస్‌లో ఉంది. 1874లో ఆ జిల్లాను రద్దు చేసి భద్రాచలాన్ని మద్రాసు వైపు, సిరొంచను చాందా జిల్లా వైపు పంచారు. సిరొంచలో తెలుగు మాట్లాడేవాళ్లు ఎక్కడినుంచీ రాలేదు, గోదావరి ఒడ్డున ఉన్నవాళ్లు ఉన్నచోటే ఉన్నారు. 1982లో గడ్చిరోలి జిల్లా ఏర్పడ్డాక వాళ్ల జిల్లా పేరు ఇంకోసారి మారింది. నదికి అవతల కాళేశ్వరం, ఇవతల సిరొంచ. పుష్కరాలకు రెండు ఒడ్లా అవే మునకలు.

రాజురా సంగతి ఇంకా విచిత్రం. 1956 దాకా రాజురా హైదరాబాద్ రాష్ట్రంలో, ఆదిలాబాద్ జిల్లాలో ఉంది. రాష్ట్రాల పునర్విభజనలో బొంబాయి రాష్ట్రానికి ఇచ్చి మొదట నాందేడ్ జిల్లాలో, 1959లో చాందా జిల్లాలో కలిపారు. ఒక ముసలమ్మ తన గుమ్మంలోంచి అడుగు కదపకుండానే నిజాం రాజ్యంలో, తర్వాత హైదరాబాద్ రాష్ట్రంలో, తర్వాత బొంబాయి రాష్ట్రంలో, 1960 నుంచి మహారాష్ట్రలో బతికింది. ఇల్లు కదలలేదు, రాష్ట్రం కదిలింది. జివతి తాలూకాలో పద్నాలుగు ఊళ్ల విషయంలో రెండు రాష్ట్రాల తగాదా దశాబ్దాలు నడిచింది. అక్కడివాళ్లు రెండువైపులా ఓటు వేశారు, రెండు రేషన్ కార్డులు ఉంచుకున్నారు. నవ్వకండి, రెండు ప్రభుత్వాలు ఉన్న ఊళ్లో రోడ్డు ఎవరు వేస్తారో ఎప్పటికీ తేలదు.

ఇక మనలో ఎక్కువమంది రైలు దిగినవాళ్లం. కాజీపేట, బల్లార్షా మధ్య లైను 1929లో పూర్తయింది. ఆ దారినే కరీంనగర్, వరంగల్, ఆదిలాబాద్ పల్లెలవాళ్లు బొగ్గు గనులకు, తర్వాత బల్లార్‌పూర్ కాగితం మిల్లుకు వచ్చారు. మా నాన్న 1958లో గనిలో చేరారు. గుడిసె, దీపం బుడ్డి, నల్లటి తువ్వాలు ఆయన తొలి ఆస్తి.

ఇప్పుడు ఆ అమ్మాయి విన్న మాటల దగ్గరికి వద్దాం. నేను బళ్లో చేరిన కొత్తలో తోటి పిల్లలు నన్ను చూసి "యండుగుండు" అనేవారు. మన భాష వాళ్ల చెవికి అట్లా వినిపిస్తుందట. డబ్బాలో గులకరాళ్లు వేసి ఊపినట్టు ఉంటుందని ఒక మాస్టారు క్లాసులోనే అన్నారు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఇంటికి వచ్చి ఏడ్చాను. మనవాళ్లు గట్టిగా మాట్లాడతారని, తాగుతారని, అన్నం తప్ప ఇంకోటి తినరని అనేవారు. మరి మన ఇళ్లలో ఏమనుకునేవాళ్లం? వాళ్లు పిసినారులు, కాగితం చేతిలో ఉంటే కలెక్టరంత గర్వం, వాళ్ల కూరలో కారం ఉండదు అని. ఈ చివరి మాట అన్నవాళ్లు నాగపూరు సావజీ కూర ఒక్కసారీ తినలేదన్నమాట.

ఈ మాటలు ఎక్కడ పుట్టాయో నెమ్మదిగా ఆలోచిస్తే నాకు ఒకటి తోచింది. మనల్ని వాళ్లు గని గేటు దగ్గర, జీతం రోజున, కూలి లైన్లలో చూశారు. వాళ్లను మనం కచేరీ బల్లకు ఇవతల నిలబడి చూశాం. తలాఠీ, గుమాస్తా, మాస్టారు, కోర్టు అమీను, అంతా మరాఠీవాళ్లే. గనిలో పన్నెండు గంటలు అరుచుకుంటూ పనిచేసినవాడు బయటికి వచ్చి మెల్లగా మాట్లాడతాడా? బల్ల వెనక కూర్చున్నవాడు ఏ జాతివాడైనా బల్ల ముందున్నవాడికి గర్విష్టిగానే కనిపిస్తాడు. అదే మరాఠీ కూలీని, తెలుగు గుమాస్తాను కలిపి చూసి ఉంటే ఈ రెండు బొమ్మలూ తారుమారయ్యేవి. షోలాపూర్‌లో మగ్గం నేసిన తెలుగు పద్మశాలీలను, బొంబాయిలో కామాఠీపురాకు పేరిచ్చిన తెలుగు కూలీలను అక్కడివాళ్లు వేరువేరుగా చూశారు, పేర్లు కూడా వేరువేరుగా పెట్టారు. మనిషిని కాదు, పనిని చూసి పెట్టిన పేర్లు ఇవన్నీ.

వెనక్కి పోయి లెక్క మొదలుపెడితే ఇంకో సంగతి కనబడుతుంది. 1677లో శివాజీ మహారాజు గోల్కొండకు వచ్చి తానీషాతో ఒప్పందం చేసుకున్నప్పుడు ఆ కొలువులో మంత్రులు అక్కన్న మాదన్నలు, తెలుగువాళ్లు. తంజావూరును 1684 నుంచి 1712 దాకా ఏలిన శహాజీ మరాఠీ రాజు, తెలుగులో యక్షగానాలు రాశాడు. హాలుడి గాథాసప్తశతిని మరాఠీవాళ్లు తమ భాషకు తల్లివేరు అంటారు, మన పండితులు అందులో అత్త, పొట్ట వంటి తెలుగు మాటలు ఏరి చూపిస్తారు. మరాఠీలో అక్కా, అణ్ణా ఎక్కడివి? దక్షిణాది భాషలవే. మన ఉగాది రోజునే వాళ్ల గుడీ పాడ్వా. పంచాంగంలో ఇద్దరమూ శాలివాహన శకమే వేసుకుంటాం. ఏడాదిని లెక్కపెట్టడంలో పేచీ లేనివాళ్లం, మనుషుల్ని లెక్కపెట్టడంలోనే పేచీ పడుతున్నాం.

ఈ లెక్కల పేచీ ముదిరితే ఎంత దూరం పోతుందో తెలియాలంటే యూరప్‌లో ఇద్దరు పొరుగువాళ్లను చూడాలి. అంత దూరం ఎందుకంటారా? ఆ కథలో ఒక ముక్క మన మహారాష్ట్రలోనే, కొల్హాపూర్ పక్కన జరిగింది, చెబుతాను.

పోలండు, రష్యా. ఇద్దరూ స్లావు జాతివాళ్లే. నీళ్లు అనడానికి ఇద్దరిదీ దాదాపు ఒకే మాట, ఇల్లు అనడానికీ అంతే. లిపి వేరు, చర్చి వేరు. రష్యావాళ్లు లెక్కను 1610 నుంచి మొదలుపెడతారు. ఆ ఏడు పోలిష్ సైన్యం మాస్కో క్రెమ్లిన్‌లో దిగి రెండేళ్లు కూర్చుంది. 1612లో వాళ్లను వెళ్లగొట్టినందుకు గుర్తుగా రష్యాలో 2005 నుంచి నవంబర్ 4న జాతీయ సెలవు ఇస్తున్నారు. పోలండువాళ్లు 1772 నుంచి మొదలుపెడతారు. ఆ ఏడు, 1795లో రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా కలిసి, 1793లో రష్యా, ప్రష్యా కలిసి పోలండును ముక్కలు చేసి పంచుకున్నాయి. 123 ఏళ్లు ఆ దేశం పటంలో లేదు. 1918లో మళ్లీ వచ్చింది.

ఇన్నేళ్లలో ఒకరిమీద ఒకరు బొమ్మలు గీసుకున్నారు. రష్యన్ల బొమ్మలో పోలిష్‌వాడు డాబుసరి జమీందారు, మోసగాడు. దస్తయేవ్‌స్కీ అంతటి రచయిత కూడా 'కరమజోవ్ సోదరులు' నవలలో పోలిష్ పాత్రల చేత పేకాటలో దొంగ ముక్కలు వేయించాడు. పోలండువాళ్ల బొమ్మలో రష్యన్ తాగుబోతు, కొరడాకు తల వంచే బానిస. అయినా పోలండు మహాకవి మిత్స్‌కేవిచ్ రష్యాలో ప్రవాసశిక్ష అనుభవిస్తూనే అక్కడి కవి పుష్కిన్‌తో స్నేహం చేశాడు, తర్వాత రష్యన్ మిత్రుల కోసం ప్రత్యేకంగా ఒక కవిత రాశాడు. జార్ ప్రభుత్వం వేరు, రష్యన్ మిత్రుడు వేరు అని ఆయనకు తెలుసు.

మన రాజురాలో సెప్టెంబర్ 17 అంటే ముక్తి దినం, 1948లో నిజాం లొంగిన రోజు. అదే తేదీ పోలండుకు చీకటి రోజు. 1939 సెప్టెంబర్ 17న, పడమటి నుంచి హిట్లర్ సేనలు వచ్చిపడిన పదహారు రోజులకు, తూర్పు నుంచి సోవియట్ సైన్యం వచ్చింది. మరుసటి ఏడాది కతిన్ తదితర చోట్ల దాదాపు 22,000 మంది పోలిష్ అధికారులను, చదువుకున్నవాళ్లను కాల్చి చంపి నేరం జర్మన్ల మీదికి నెట్టారు. నిజం ఒప్పుకున్నది 1990లో. రష్యా లెక్క, పోలండు లెక్క రెండూ సమానమని నేననను. నాలుగు వందల ఏళ్ల కిందటి రెండేళ్లు, నిన్నమొన్నటి నెత్తురు ఒకటి కావు.

అప్పుడే లక్షల మంది పోలండువాళ్లను కుటుంబాలతో సహా సైబీరియాకు, కజకస్తాన్‌కు తరలించారు. 1941లో హిట్లర్ రష్యా మీద పడ్డాక వాళ్లను విడిచిపెడితే, ఇరాన్ మీదుగా కొన్నివేల మంది మన దేశం చేరారు. జామ్‌నగర్ మహారాజు దిగ్విజయ్‌సింహ్ బాలాచడిలో పిల్లలకు ఆశ్రయమిచ్చాడు. కొల్హాపూర్ పక్కన వళివడేలో 1943 నుంచి 1948 దాకా దాదాపు ఐదువేల మంది ఉన్నారు, ఎక్కువమంది ఆడవాళ్లు, పిల్లలు. అక్కడే బళ్లు, చర్చి పెట్టుకున్నారు. కొల్హాపూర్‌లో వాళ్ల స్మారకం ఉంది. మరాఠీ గడ్డ మీద వాళ్లను మీరు ఏ ఏడాది వచ్చారని ఎవరూ అడగలేదు.

మనల్ని మాత్రం అడుగుతారు, కాగితం మీద అడుగుతారు. ఇది మీ చదువుకు సంబంధించిన విషయం, తల్లిదండ్రులు కాస్త శ్రద్ధగా వినాలి. మహారాష్ట్రలో జాతి దాఖలాకు కుటుంబం ఫలానా తేదీకి ముందే ఈ గడ్డ మీద ఉన్నట్టు చూపాలి. ఎస్.సి.లకు 1950 ఆగస్టు 10, ఎస్.టి.లకు 1950 సెప్టెంబర్ 6, విముక్త, సంచార జాతులకు 1961 నవంబర్ 21, ఓబీసీలకు, ప్రత్యేక వెనుకబడిన వర్గాలకు 1967 అక్టోబర్ 13. తండ్రి ఉద్యోగం వల్ల ఆంధ్ర నుంచి బొంబాయి వచ్చి చదువుకున్న ఒక తెలుగు విద్యార్థి మెడికల్ సీటు కోసం సుప్రీంకోర్టు దాకా వెళితే, ఒక రాష్ట్రంలోని హోదా ఇంకో రాష్ట్రానికి వెంట రాదని 1990లో తీర్పు వచ్చింది.

మా ఇంట్లోనే చూడండి. మాది ఓబీసీ కుటుంబం. నాన్న 1958లో వచ్చారు, చిన్నాన్న 1969లో. నా కూతురు, చిన్నాన్న మనవరాలు ఒకే వాడలో పెరిగారు, ఒకే బళ్లో చదివారు. మార్కులు ఆ పిల్లకే ఎక్కువ. దాఖలా నా కూతురికి వచ్చింది, ఆ పిల్లకు రాలేదు. చిన్నాన్న పొలం అమ్మి ఆలస్యంగా రైలెక్కినందుకు మనవరాలు పూర్తి ఫీజు కట్టింది. ఆ ఏడు మా రెండిళ్ల మధ్య మాటలు తగ్గాయి, దాచడం ఎందుకు? చట్టానికి ఏదో ఒక తేదీ కావాలని నాకు తెలుసు. తేదీకి ఇవతల ఉన్నవాడు అవతలివాణ్ణి తక్కువగా చూడడమే నాకు మింగుడు పడదు. పాత తెలుగు కుటుంబాలవాళ్లు కొత్తగా వచ్చిన తెలుగు కూలీలను "ఈ మధ్య వచ్చినవాళ్లు" అనడం నేను మన పెళ్లిళ్లలోనే విన్నాను. మనల్ని అన్నందుకు ఏడ్చిన మాటే మనం ఇంకొకరిని అంటున్నాం.

ఇళ్లకు వెళ్లాక ట్రంకు పెట్టెలు తెరవండి. తాతగారి బడి దాఖలా, గని సేవా పుస్తకం, పాత రేషన్ కార్డు, కొత్వాల్ పంజీలో పుట్టుక నమోదు నకలు, ఏది దొరికినా తీసి ఉంచండి. రాజురా వైపు కుటుంబాల దగ్గర నిజాం కాలపు ఉర్దూ కాగితాలు ఉంటాయి. చదవడం రాదని పారేయకండి, చదివి అనువాదం చేసే పెద్దమనిషి ఒకరు ట్రస్టుకు తెలుసు. అసలు కాగితాలు ఎవరికీ ఇవ్వవద్దు, జిరాక్సులు తెండి. పిల్లలు తాతయ్యనో నానమ్మనో కూర్చోబెట్టి ఏ ఏడు వచ్చారు, ఏ స్టేషన్‌లో దిగారు, మొదట అన్నం పెట్టింది ఎవరు అని అడిగి రాసుకోండి. మా నాన్నకు మొదటి రాత్రి జొన్నరొట్టె, పిఠ్లా పెట్టింది గని గేటు పక్కన ఉండే ఒక మరాఠీ ఆవిడ. ఆమె పేరు నాన్నను అడగాలని నాకు తోచేసరికి ఆయన లేరు.

చెక్కులు అందుకున్నాక వెనక గదిలో కూర్చుంటాను. దాఖలా విషయంలో చిక్కులున్నవాళ్లు కాగితాలతో రండి. సెలవు.