కోత కాగితం మీద రెండో గొంతు

పట్టాలు అందుకుంటున్న మీలో కొందరు సింగపూర్‌లోని చాంగీ విమానాశ్రయం చుట్టూ అల్లుకున్న ఉద్యోగాల్లోకే వెళ్తారు. అందుకే ఆ రంగాన్ని పదేపదే కుదిపిన ఒక తగాదా గురించి మాట్లాడతాను. జీతాల్లో, పింఛన్లలో కోత పడ్డప్పుడు పైలట్లు ఒక్కటై నిలబడితే దాన్ని స్వార్థం అనేవాళ్లున్నారు, న్యాయం అనేవాళ్లూ ఉన్నారు. కష్టకాలంలో కోతకు ఒప్పుకోవడంలో తప్పులేదని నేను నమ్ముతాను. కానీ ఆ కోత మోసేవాళ్లకు ఒప్పందం మీద ఓటు ఉండాలి. ఓటు లేకుండా అడిగే ఐకమత్యానికి విధేయత అన్న పేరే సరిపోతుంది.

2003 సంగతి చూడండి. సార్స్ అంటువ్యాధి దెబ్బకు ఏప్రిల్–జూన్ నెలల్లో సింగపూర్ ఎయిర్‌లైన్స్‌కు 31.2 కోట్ల సింగపూర్ డాలర్ల నష్టం వచ్చింది. ఒక త్రైమాసికంలో ఆ సంస్థ నష్టం చూడటం అదే మొదలు. దాదాపు 600 మంది ఉద్యోగాలు పోయాయి. పైలట్ల సంఘం ఆల్పా-ఎస్ నాయకులు జీతాల కోతకు సంతకం పెట్టారు. ఆ వెంటనే జూలై–సెప్టెంబరులో సంస్థకు 30.6 కోట్ల లాభం వచ్చింది. అక్టోబరులో దేశమంతటా ఉద్యోగుల పొదుపు నిధి సీపీఎఫ్‌లో యజమాని వాటా 16 శాతం నుంచి 13 శాతానికి దిగింది. ఇక్కడ చాలామందికి ముసలితనంలో ఆసరా ఆ ఖాతాయే కదా. నవంబరులో ఆల్పా-ఎస్ సభ్యులు ఓటు వేసి, కోతకు సంతకం పెట్టిన తమ కార్యవర్గాన్నే దించేశారు. మరుసటి ఏడాది ప్రభుత్వం కార్మిక సంఘాల చట్టాన్ని సవరించింది. సభ్యుల ఆమోదం లేకుండానే నాయకులు ఒప్పందం మీద సంతకం చేయవచ్చని తేల్చింది. జబ్బు ఆ ఓటులో ఉందని ప్రభుత్వం అనుకుంది. నా లెక్కలో ఆ ఓటు జ్వరం చూపించిన థర్మామీటరు.

దీనికి ఎదురుచెప్పేవాళ్ల మాటలో బలం ఉంది, దాన్ని తేలిగ్గా తీసిపారేయను. సింగపూర్‌లో ఊరి నుంచి ఊరికి ఎగిరే విమానాలు లేవు. విదేశీ ప్రయాణికుడు మరో సంస్థ వైపు మళ్లితే విమానం నేల మీదే ఉండిపోవాలి. 1980లో పైలట్లు జీతాల కోసం పంతం పట్టి, రూల్ పుస్తకాన్ని పొల్లుపోకుండా పాటిస్తూ పని నెమ్మదింపజేసినప్పుడు అప్పటి ప్రధాని లీ క్వాన్ యూ వాళ్లను అధ్యక్ష భవనం ఇస్తానాకు పిలిపించి గట్టిగా హెచ్చరించింది ఈ భయంతోనే. అప్పటి సంఘం గుర్తింపు 1981లో రద్దయింది, దాని స్థానంలో పుట్టిందే ఆల్పా-ఎస్. భయం నిజమైనదే అయినా, ఒప్పించకుండా తెచ్చుకున్న శాంతి ఎన్నాళ్లు నిలుస్తుంది? 2003లో అది నెలల్లోనే చెదిరిపోయింది. 2020లో కోవిడ్ వచ్చి విమానాలన్నీ దాదాపు నిలిచిపోయినప్పుడు అదే సంఘం ఉద్యోగాలు దక్కించుకోవడానికి కోతలకు ఒప్పుకుంది. 2022–23లో సంస్థ దాదాపు 216 కోట్ల సింగపూర్ డాలర్ల రికార్డు లాభం చూసింది, ఉద్యోగులకు ఎనిమిది నెలల జీతానికి దగ్గరగా బోనస్ ఇచ్చింది. ఇచ్చింది తిరిగొస్తుందని కళ్లారా చూసిన మనిషి మరోసారి ఇవ్వడానికి వెనకాడడు.

ప్రతి ఒప్పందాన్నీ ఓటుకు పెడితే చర్చలకు కూర్చున్న నాయకుడి మాటకు విలువేముంటుంది అని కూడా అడుగుతారు. జవాబు పైలట్ల పనిలోనే ఉంది. విమానం కదిలే ముందు కాక్‌పిట్‌లో ఒకరు చెక్‌లిస్ట్ చదువుతారు, రెండోవారు ఒక్కో స్విచ్చు, ఒక్కో మీట చూసి బదులు చెబుతారు. బదులు రాకపోతే చదవడం అక్కడే ఆగుతుంది. 1977 మార్చి 27న టెనెరీఫ్ దీవిలో రన్‌వే ఖాళీగా ఉందా అన్న ఫ్లైట్ ఇంజనీరు సందేహాన్ని కెప్టెన్ పక్కన పెట్టాడు. రెండు జంబో విమానాలు ఢీకొని 583 మంది చనిపోయారు. ఆ తర్వాతే కింది స్థాయి వాళ్లు నోరు విప్పాలని, పైవాళ్లు వినాలని ప్రపంచమంతా శిక్షణ మొదలైంది. దాంతో కెప్టెన్ అధికారం తగ్గలేదు. ప్రాణాల విషయంలో తప్పనిసరి అనుకున్న ఆ రెండో గొంతు జీతాల బల్ల దగ్గర ఎందుకు బరువవుతుంది?

ఇక మంచి జీతాలు అందుకునేవాళ్ల మీద జాలి దేనికన్న మాట. ఒక్క వైద్యపరీక్ష తప్పితే పైలట్ విమానం నడపడానికి వీల్లేదు. సంస్థ మారితే చాలాచోట్ల సీనియారిటీ సున్నా నుంచి మొదలు. 2005లో అమెరికాలో యునైటెడ్ సంస్థ దివాలా కోర్టు అనుమతితో పింఛను పథకాలను వదిలించుకుంది. హడ్సన్ నది మీద విమానం దింపి 155 మందిని కాపాడిన, మరో సంస్థ పైలట్ సలెన్‌బర్గర్ 2009 ఫిబ్రవరిలో అమెరికా చట్టసభ ముందు తన జీతం 40 శాతం తగ్గిందని, పింఛను పోయిందని చెప్పాడు. పైలట్‌కే ఈ గతి పడితే సామాన్లు మోసేవాడి మాట ఎవరు వింటారు? అందుకే పైలట్ల ఐకమత్యం కాక్‌పిట్ తలుపు దగ్గర ఆగకూడదు. 2003లో పోయిన ఉద్యోగాల్లో ఎక్కువ భాగం పైలట్లవి కావు.

మీలో కొందరు రేపు అకౌంట్స్‌లో, హెచ్‌ఆర్‌లో కూర్చుంటారు. కోత కాగితం టైపు చేసేది మీరే కావచ్చు. కోత ఎన్ని నెలలు, ఎంత లాభం వస్తే ఎంత తిరిగిస్తారు, లెక్కలు ఎవరికి చూపిస్తారు అన్నవి అందులో రాయండి. వాటి కింద, దాన్ని మోయబోయేవాళ్ల ఓటు ఏ తేదీన అన్నదానికి ఒక గడి ఉంచండి.