శిక్ష వేసే రోజు

 

హంతకుడి మీద జాలేమిటని మనలోనే కొందరు అడుగుతున్నారు. అడగవలసిన మాటే.

1993 మార్చిలో చిలకలూరిపేట దగ్గర ఇద్దరు యువకులు దోపిడీకని బస్సెక్కి, పెట్రోలు పోసి నిప్పంటించారు. 23 మంది ప్రయాణికులు చనిపోయారు. కింది కోర్టు వేసిన ఉరిని సుప్రీంకోర్టు 1996లో ఖాయం చేసింది. 1997 మార్చిలో తేదీ కూడా పెట్టాక, ఆఖరి గడియలో ఆగింది. మరుసటి ఏడు రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ దాన్ని యావజ్జీవంగా మార్చారు. ఇది న్యాయమా అని అడిగే హక్కు ఆ 23 కుటుంబాలకు ఉంది. అయితే వాళ్లు బయలుదేరింది దోపిడీకి. అంతమాత్రాన పాపం తగ్గదు. కానీ శిక్షను తూచేటప్పుడు తక్కెడలో పడవలసిన విషయమేనని మేమనుకుంటాం.

నేరంతో పాటు నేరస్థుణ్ణీ చూడాలని 1980లోనే బచన్‌సింగ్ తీర్పు చెప్పింది. నేరం రుజువయ్యాక శిక్ష గురించి వేరుగా వినాలని చట్టమూ ఉంది. పేదవాడి విషయంలో మాత్రం "ముసలి తల్లి ఉంది, దయ చూపండి" అన్న ఒక్క మాటతోనే ఆ వినడం అయిపోవచ్చు. ఉరి పడే అవకాశమున్న కేసుల్లో ముద్దాయి పెరిగిన తీరు, చదువు, మానసిక స్థితి, జైల్లో నడవడిక కోర్టు ముందుకు రావాలని 2022లో మనోజ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. తెచ్చేదెవరు? బడిపంతుళ్లం కాబట్టి చెబుతున్నాం, అడ్మిషన్ రిజిస్టరులో ఒక్క వరుస చాలా చెబుతుంది. ఏ తరగతిలో మానేశాడు, సంరక్షకుడి గడిలో ఎవరి పేరుంది అన్నీ అందులోనే ఉంటాయి.

తూకం రెండు వైపులా ఉండాలి. బిల్కిస్ బానో కేసులో యావజ్జీవం పడిన 11 మందిని 2022 ఆగస్టు 15న ముందే వదిలేశారు. 2024 జనవరిలో సుప్రీంకోర్టు ఆ విడుదలను రద్దు చేసింది. ఆ రోజు సంతోషించిన మనం, ముద్దాయి మన వీధివాడైనా పై వీధివాడైనా అదే తూకం అడగాలి కదా!

ఖిసాస్‌లోనూ హతుని వారసులు క్షమించి పరిహారం తీసుకునే దారిని దివ్య ఖుర్ఆన్ (2:178) ఉంచింది. మన దేశ చట్టంలో హత్యను క్షమించే అధికారం వారసులకు లేదు. పరిహారం కోసం మాత్రం జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు అర్జీ పెట్టుకోవచ్చు. ఆ సంగతి తెలియని ఇళ్లున్నాయి.

అందుకే ఈ ఏడు సదఖా నిధిలో కొంత ఈ రెండు పనులకూ కేటాయించమని కోరుతున్నాం. అర్జీలు రాయడానికి, రిజిస్టర్లు వెతకడానికి మేమున్నాం. కావలసినవి ప్రయాణ ఖర్చులు, వకీలు ఫీజు.