తస్వీరు ఎవరి సొత్తు?
(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



యీసారి మేము ఫోటోల గురించి నాలుగు మాటలు చెప్పదలచాము. ఇదేం విషయమని నవ్వకండి. మన పిల్లలు చాలామంది టైలరింగ్ షాపులు, బిర్యానీ సెంటర్లు, సెల్ దుకాణాలు పెట్టుకున్నారు. దుకాణం పేరున వెబ్‌సైటు కూడా తెరుస్తున్నారు. సంతోషమే. అయితే మొదటి పేజీలోనే ఒక సినిమా హీరో ఫోటో పెట్టేస్తారు. ఎక్కడిదిరా అంటే, "నెట్‌లో దొరికింది సార్, అందరూ పెడుతున్నారు" అంటారు.

దొరికినదల్లా మనదైపోతుందా? బజారులో పర్సు దొరికితే పోగొట్టుకున్నవాణ్ణి వెతకాలని పిల్లలకు మనమే చెబుతాము. ఫోటోకూ హక్కుదారు వుంటాడు. తారల ఫోటోలో అయితే ఇద్దరి హక్కులుంటాయి.

మొదటిది తీసినవారి హక్కు. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం ఫోటోకు కర్త ఫోటోగ్రాఫరే. ఎవరైనా డబ్బిచ్చి తీయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు, హక్కు తీయించుకున్నవారిది. 2012 సవరణ తరువాత యీ హక్కు ఫోటోగ్రాఫరు జీవించినంత కాలమూ, ఆపైన 60 ఏళ్లూ వుంటుంది. తెలిసి ఉల్లంఘిస్తే 63వ సెక్షను కింద 6 నెలల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. లాభం కోసం చేయలేదని తేలితే, తగిన కారణాలు చూపి కోర్టు శిక్ష తగ్గించవచ్చు. నేరం మాత్రం నేరమే. కింద "సౌజన్యం" అని రాసినంత మాత్రాన అనుమతి వచ్చినట్టు కాదు.

రెండవది ఫోటోలో వున్నవారి హక్కు. ముజఫర్‌నగర్‌లో ఒక నగల వ్యాపారి అమితాబ్, జయా బచ్చన్‌ల బొమ్మతో హోర్డింగు పెట్టాడు. ఆ దంపతులు తనిష్క్ నగల ప్రకటన కోసం దిగిన ఫోటో అది. వ్యవహారం ఢిల్లీ హైకోర్టుకెక్కింది. తమ ముఖం వ్యాపారానికి ఎప్పుడు, ఎలా వాడాలో నిర్ణయించుకునే హక్కు ఆ ప్రసిద్ధులదేనని 2012లో కోర్టు చెప్పింది. అదే కోర్టు 2022లో అమితాబ్‌కూ, 2023లో అనిల్ కపూర్‌కూ ఇలాంటి రక్షణే ఇచ్చింది. ఢిల్లీ సంగతి మనకెందుకంటారా? 2025లో చిరంజీవి గారు మన హైదరాబాదు సిటీ సివిల్ కోర్టులోనే మధ్యంతర ఉత్తర్వు తెచ్చుకున్నారు.

అలాగని ఫోటో ముట్టుకుంటేనే నేరమని బెదిరించడం మా ఉద్దేశం కాదు. సొంత చదువుకూ, విమర్శకూ, సమీక్షకూ, వర్తమాన వార్తలకూ సముచితంగా వాడుకోవడానికి 52వ సెక్షను వీలిస్తుంది. సినిమా మీద సమీక్ష రాయడం వేరు, హీరో బొమ్మ కింద బిర్యానీ రేటు రాయడం వేరు. ఆ బొమ్మ చూసినవారు హీరోగారే యీ హోటలును మెచ్చుకున్నారనుకుంటారు. అది అబద్ధపు సాక్ష్యం లాంటిదే.

ఇంకొక మాట కుర్రాళ్లకు. నటీమణుల ముఖాలను అశ్లీలంగా మార్చి పెడితే, ఐటి చట్టం 67వ సెక్షను కింద మొదటిసారికే 3 ఏళ్ల దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా. నటి అయినంత మాత్రాన ఆమె ఒకరి బిడ్డ కాకుండా పోదు.

మరి ఏం చేయాలి? మీరు కుట్టిన షేర్వానీ, మీరు వండిన హలీం ఫోటో మీరే తీసి పెట్టండి. గిరాకీ దానికే వస్తుంది. ఇతరుల ఫోటో కావాలంటే రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. వికీమీడియా కామన్స్‌లో లైసెన్సు షరతులతో ఇచ్చే ఫోటోలున్నాయి. ఆ షరతులు చదివి, తీసినవారి పేరు రాసి వాడుకోండి. అయితే ఆ లైసెన్సు ఫోటోగ్రాఫరు ఇచ్చినదే, తార ఇచ్చినది కాదు. కనుక ప్రకటనకు అది చాలదు. నోటీసు వస్తే చించి పారేయకండి, భయపడి అడిగినంత డబ్బూ కట్టేయకండి. ఫోటో తీసేసి, కాగితం వకీలుకు చూపండి. వకీలు ఫీజు ఇచ్చుకోలేనివారు, స్త్రీలు జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి. స్త్రీలకు ఆదాయంతో పనిలేకుండా, తక్కువ ఆదాయం వున్నవారికి పరిమితిని బట్టి అక్కడ ఉచిత సహాయం వుంది.

హుఖూఖుల్ ఇబాద్ అంటే తోటివారి హక్కులని మనందరికీ తెలుసు. ఆ బాకీ హక్కుదారు మాఫ్ చేస్తేనే తీరుతుంది. ఎండలో నిలబడి ఫోటో తీసినవాడి శ్రమ కూడా ఆ లెక్కలోదే. హలాల్ కమాయీ కోసం తెరిచిన దుకాణం మీద అడగకుండా తెచ్చిన బొమ్మ ఎందుకు?

అల్లాహ్ మన పిల్లల రోజీలో బర్కత్ ప్రసాదించుగాక. ఆమీన్. సెలవు.