పప్పు చౌకైతే ఎవరికి లాభం?

(రేడియో స్త్రీల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



ఈవేళ నేను మాట్లాడదలచుకొన్న విషయం పేరు చెబితే మీలో కొందరు రేడియో కట్టేసి వంటింట్లోకి వెళ్ళిపోతారేమోనని కొంచెం భయంగా వుంది. విషయం స్వేచ్ఛా వాణిజ్యం. వెళ్ళినా ఫరవాలేదు లెండి. మీకంటే ముందే అది మీ వంటింట్లోకి వచ్చి కూర్చున్నది. కందిపప్పు డబ్బా మూత తీసి చూడండి, అందులో వుంది. అలమరలో మందుల పెట్టె తీయండి, అందులోనూ వుంది. కొళాయి దగ్గర ఆరవేసిన నూలు తువ్వాలులో కూడా వుంది.

మేముండేది రామచంద్రాపురంలో. మా కాలనీకి కూరగాయలు తెచ్చే ఆమె ఒకామె వుంది. సదాశివపేట అవతల పల్లె. రెండెకరాల నల్లరేగడి. పత్తి వేసి మధ్యమధ్య కంది సాళ్ళు పోస్తారు. పెద్దకొడుకు పాశమైలారంలో ఒక మందుల ఫ్యాక్టరీలో కాంట్రాక్టు కింద పనిచేస్తున్నాడు. 2025లో ఒకరోజు బేరమాడుతూ మాటవరసకి, "కందిపప్పు ధర కాస్త దిగింది, బతికిపోయాం" అన్నాను. ఆమె గంప సర్దుకుంటూ తల యెత్తకుండానే, "మీకు పప్పు అగ్గువైందమ్మా, మాకు కందులు అగ్గువైనయి. ఇత్తేటప్పుడు పిరముండె, అమ్మేటప్పుడు అగ్గువాయె. మేమెట్ల బతకాలె?" అన్నది.

నాకేమీ జవాబు తోచలేదు. ఆ జవాబు వెతుక్కుంటూ తెలుసుకొన్న సంగతులే ఇవాళ మీతో చెబుతున్నాను.

మన పల్లెల్లో చెరువుకు తూము వుంటుంది గదా. ఆ తూము తీయడానికీ, వేయడానికీ నీరటికాడని ఒకడుండేవాడు. నాట్లప్పుడు తీసేవాడు, కోతలప్పుడు వేసేవాడు. పరదేశపు సరుకు మీద ప్రభుత్వం వేసే దిగుమతి సుంకం అటువంటి తూమే. సుంకం పెంచితే తూము మూసినట్టు, తీసేస్తే తెరిచినట్టు. స్వేచ్ఛా వాణిజ్యమంటే తూము యెప్పుడూ తెరిచే వుంచమనడం. తూము వుండడం తప్పుకాదు, తెరవడమూ తప్పుకాదు. పండిన చేను మీదకి నీళ్ళు వదిలితేనే చిక్కు.

కందుల సంగతే చూడండి. ప్రపంచంలో కంది యెక్కువగా పండించేదీ మనమే, తినేదీ మనమే. 2015 చివర్లో కందిపప్పు కిలో 200 రూపాయల దాకా పోయింది. ఆ రోజుల్లో పప్పులో నీళ్ళెక్కువ పోయని ఇల్లాలు యెవరు? పత్రికల నిండా మన గోడే. ప్రభుత్వం కదిలింది. 2016లో ఆఫ్రికాలోని మొజాంబిక్ దేశంతో కందుల దిగుమతికి అయిదేళ్ళ ఒప్పందం చేసుకొన్నారు. అదే సంవత్సరం మంచి ధర వస్తుందని మన రైతులు కూడా విరివిగా కంది వేశారు. వానలూ కలిసొచ్చాయి. దేశంలో పంట 48 లక్షల టన్నులు దాటింది. అంతకు ముందటి ఏటికి దాదాపు రెట్టింపు. ఇంకేముంది, క్వింటాలుకు 5,050 రూపాయలు మద్దతు ధర ప్రకటిస్తే, మార్కెట్టు అంతకంటే దిగువకు జారిపోయింది. అప్పుడు తూము వేశారు. 2017 మార్చిలో 10 శాతం సుంకం, ఆగస్టులో ఏడాదికి 2 లక్షల టన్నులకు మించి రాకూడదన్న హద్దు. కానీ అప్పటికే రైతు ఇంట్లో కందులు లేవు. అమ్ముకున్నాడు, నష్టపోయాడు.

కథ అక్కడితో అయిపోలేదు. మళ్ళీ ధర పెరిగింది. 2021 మే నెలలో ఆ హద్దు తీసేశారు. 2023లో సుంకం కూడా తీసేశారు. ఆ సంవత్సరం ధర మండిపోతున్నది కాబట్టి మనందరం సంతోషించాం. గడువు పొడిగిస్తూ పోయారు. 2025 మొదట్లో కొత్త కందులు మార్కెట్టుకు వచ్చేసరికి మద్దతు ధర 7,550 రూపాయలుంటే, చాలాచోట్ల అంత కూడా పలకలేదు. మా కూరగాయలామె అన్న మాటకు అర్థం ఇదన్నమాట.

ఇందులో ఒక విచిత్రముంది. ఆమె వూరికీ మా కాలనీకీ మధ్య పటాన్‌చెరులో ఇక్రిశాట్ వున్నది. మెట్టపంటల మీద పరిశోధన చేసే అంతర్జాతీయ సంస్థ. 1972లో పెట్టారు. జొన్న, సజ్జ, శనగ, వేరుశనగలతో బాటు కంది మీద దశాబ్దాలుగా అక్కడ పనిచేస్తున్నారు. తెగుళ్ళకు తట్టుకొనే రకాలు మన రైతులకు ఇచ్చారు. తూర్పు ఆఫ్రికా రైతులకు పనికొచ్చే కంది రకాలూ రూపొందించారు. అంటే మన సంగారెడ్డి రైతూ, ఆఫ్రికా రైతూ ఒకే బడి పిల్లల్లాంటివాళ్ళు. అక్కడి రైతు కూడా మనలాగా పేదవాడే. అతని మీద నాకు కోపం లేదు. ఇద్దరి గింజలూ ఒకే రోజు ఒకే మార్కెట్టులో పోటీపడేలా చేసే యేర్పాటు మీదనే నా ప్రశ్న.

పత్తి సంగతి ఇంకా స్పష్టంగా వుంటుంది. 2025 ఆగస్టులో అమెరికా మన దేశపు సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచింది. బట్టలకు ఆర్డర్లు పోతాయని మిల్లులవారు బెంబేలెత్తారు. వాళ్ళకు దూది చౌకగా దొరకాలని మన ప్రభుత్వం పరదేశపు పత్తి మీద వున్న 11 శాతం సుంకాన్ని ఆగస్టు 19 నుంచి తీసేసింది. మొదట సెప్టెంబరు నెలాఖరుదాకా అన్నారు, తరవాత డిసెంబరు నెలాఖరుదాకా పొడిగించారు. మన తెలంగాణలో పత్తి తీసేదెప్పుడు? దసరా తరవాతనే గదా! సరిగ్గా ఆ మూడు నెలలూ తూము తెరిచే వుంది. మిల్లు కార్మికుడి కూడు నిలబెట్టాలనే వుద్దేశం మంచిదే. దాని ఖర్చు మాత్రం పత్తి రైతు మీద పడింది. పత్తి యేరే కూలీల్లో యెక్కువమంది స్త్రీలు. కిలోకి ఇంత అని కూలి. రైతుకు ధర తగ్గితే మొట్టమొదట బిగిసేది ఆ కూలి దగ్గరే.

ఇక మందుల పెట్టె సంగతి.

హైదరాబాదులో ఐ.డి.పి.ఎల్. మందుల ఫ్యాక్టరీ పెట్టిన తరవాత ఆ విద్య తెలిసినవాళ్ళు మన ప్రాంతంలో తయారయ్యారు. 1970లో వచ్చిన పేటెంటు చట్టం ఇంకో దారి తెరిచింది. మందు మీద కాకుండా తయారుచేసే పద్ధతి మీదనే హక్కు వుంటుందన్నది ఆ చట్టం. వేరే పద్ధతిలో అదే మందు చౌకగా చేయవచ్చు. ఆ బలంతో పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం ప్రాంతాల్లో మందుల ముడిసరుకు చేసే ఫ్యాక్టరీలు పుట్టుకొచ్చాయి. 1995లో ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరినందువల్ల 2005లో ఆ చట్టం మార్చవలసి వచ్చింది. అయినా మనవాళ్ళు నిలదొక్కుకున్నారు. మన దేశపు మందుల యెగుమతుల్లో మూడోవంతు దాకా అమెరికాకే పోతున్నాయి. ఇది స్వేచ్ఛా వాణిజ్యం మనకిచ్చిన మేలు. కాదనకూడదు. మా కూరగాయలామె కొడుకు జీతం అందులోంచే వస్తున్నది.

అదే వాణిజ్యం ఇంకోవైపునుంచి ఆ జీతాన్ని కొరుకుతున్నది. మందుల ముడిసరుకు చైనాలో మనకంటే చౌకగా తయారవుతుంది. ఆ పోటీకి నిలవలేక పెన్సిలిన్ వంటివాటి ముడిసరుకు తయారీ మన దేశంలో దాదాపు ఆగిపోయింది. 2020లో కరోనా వచ్చి చైనా నుంచి రాక ఆగితే యేమైంది? ఆ మార్చి నెలలో పారాసిటమాల్‌తో సహా కొన్ని మందులు పరదేశాలకు పంపకుండా ప్రభుత్వం ఆంక్షలు పెట్టవలసి వచ్చింది. అప్పుడు గానీ మన తప్పు మనకు తెలియలేదు. ఆ ముడిసరుకులు మళ్ళీ ఇక్కడే చేయించడానికి అదే సంవత్సరం 6,940 కోట్ల రూపాయల పథకం ప్రకటించారు.

చౌక మందుకు ఇంకో ధర కూడా వుంది. అది చీటీ మీద వ్రాయరు. ఫ్యాక్టరీల మురుగునీరు పారిన నక్కవాగు పక్క పల్లెల్లో బావులు చెడిపోయాయి, పొలాలు చెడిపోయాయి. ఆ గోడు 1990లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2007లో స్వీడన్ శాస్త్రజ్ఞులు ఒక సంగతి బయటపెట్టారు. పటాన్‌చెరులో మురుగును శుద్ధిచేసే కేంద్రం నుంచి బయటికి పోయే నీళ్ళలో రోజుకు 45 కిలోల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే మందు కొట్టుకుపోతున్నదట. తొంభై లక్షల జనాభావున్న స్వీడన్ దేశం అయిదు రోజులు వాడేంత మందు! యూరపు, అమెరికా ఇల్లాలికి మందు చౌకగా దొరికింది. ఇక్కడి ఇల్లాలి బావి ఖరీదు అందులో కలపలేదు. మరి 2025 జూన్ 30న పాశమైలారంలో పేలుడు జరిగి యాభైమందికి పైగా కార్మికులు పోయారు. చాలామంది బీహారు, ఒరిస్సా వంటి దూరప్రాంతాల నుంచి పొట్టకోసం వచ్చినవాళ్ళు. ఆ ఘోరాన్ని వాణిజ్యం మీదకు నెట్టడం నా వుద్దేశం కాదు. కానీ చౌక, చౌక అని ప్రపంచమంతా అడిగేటప్పుడు ఖర్చు తగ్గించమన్న వొత్తిడి చివరికి దిగేది ఫ్యాక్టరీలో నిలబడ్డ మనిషి దగ్గరికే గదా.

"ఇవన్నీ ఢిల్లీలో తేలే వ్యవహారాలు, మనమేం చేస్తాం?" అంటారేమో.

కొంచెం వెనక్కి వెళదాం. 1980 ఎన్నికల్లో శ్రీమతి ఇందిరాగాంధీ రాయబరేలీలోనూ, మన మెదక్‌లోనూ గెలిచి, మెదక్‌నే వుంచుకొన్నారు. సంగారెడ్డి పల్లెల వోటు ప్రధానమంత్రిని పంపింది. అదే ఎన్నికల్లో దేశమంతటా మోగిన మాట యేమిటో గుర్తుందా? ఉల్లిగడ్డ ధర! అంటే ఇల్లాలి బుట్ట ఎన్నికల్ని కదిలించగలదని ప్రభుత్వాలకు బాగా తెలిసివచ్చింది. ధర పెరిగితే మన గొంతు వెంటనే వినిపిస్తుంది. తూము తెరుస్తారు. ధర పడిపోతే పల్లెలో ఆమె గొంతు వినిపించేసరికి పంట చేయి దాటిపోతుంది. పల్లెటూరి వోటరుని అభ్యర్థులు రోడ్డు కావాలా, బోరు కావాలా అని అడుగుతారు. సుంకం గురించి యెవరూ అడగరు. ఆమె బతుకు మాత్రం ఆ సుంకం మీదనే వేలాడుతున్నది.

అయితే తూము శాశ్వతంగా వేసేయమందామా? అదీ న్యాయం కాదు. మా కూరగాయలామె సంక్రాంతికి కందులు అమ్ముతుంది, శ్రావణమాసం నాటికి తనే పప్పు కొనుక్కుంటుంది. గుంటెడు భూమి లేని కూలీ యేడాది పొడుగునా కొంటాడు. పప్పు 200 అయితే ముందు మానేసేది వాళ్ళే, మనం కాదు. అందుకని అడగవలసింది ఒక్కటే: తూముకు ఒక కాలనియమం వుండాలి. విత్తనం వేయకముందే సుంకం యింత అని చెప్పాలి. పంట ఇంటికి వచ్చే నెలల్లో సుంకం తీయకూడదు. తీయక తప్పకపోతే, మద్దతు ధరకు రైతు తెచ్చినదంతా కొనాలి. ఫ్యాక్టరీ నిలబడాలని రాయితీ ఇచ్చేటప్పుడు కాంట్రాక్టు కార్మికుడికి ప్రావిడెంటు ఫండు, ఇ.ఎస్.ఐ., ప్రాణానికి భద్రత వున్నాయా అని చూసి ఇవ్వాలి.

మనం చేయగలిగింది చిన్నదే అయినా వుంది. పప్పు ధర పెరిగినప్పుడు మండిపడినట్టే, పడిపోయినప్పుడు "రైతుకు యెంత ముట్టింది?" అని అడుగుదాం. సంక్రాంతి తరవాత కొత్త కందులు వచ్చినప్పుడు నలుగురు కలిసి రైతుల దగ్గరే కొని, మర పట్టించుకుందాం. మనకూ రూపాయి మిగులుతుంది, వాళ్ళకూ రూపాయి దక్కుతుంది. వోటడగడానికి వచ్చినవాళ్ళను ధరలు తగ్గిస్తారా అని మాత్రమే అడక్క, యెప్పుడు, యెవరి ఖర్చుతో తగ్గిస్తారని కూడా అడుగుదాం.

చివరగా ఒక్కమాట. జహీరాబాదు దగ్గర మాచునూరులో 2008 నుంచి పల్లెటూరి స్త్రీలే సంఘం రేడియో నడుపుకొంటున్నారు. విత్తనాల గురించీ, పంటల గురించీ వాళ్ళ మాటలోనే మాట్లాడుకొంటారు. అది వాళ్ళ వూళ్ళ వరకే వినిపిస్తుంది. ఇక్కడ రేడియోలో మనం మాట్లాడుకొన్నది వాళ్ళకు వినిపిస్తుందో లేదో గానీ, వాళ్ళ మాట మనం వినడం ఇక మనవంతు. రేపు కూరగాయలామె వస్తే బేరం తరవాత ఆడదాం. ముందు కందులు యెట్లా అమ్ముడుపోయాయని అడుగుదాం.