నీరు తగ్గిన చోట: నూనెల ఎస్టర్లు, ఎంజైములు, చర్మం



మా మాస్టారు జీవితమంతా నూనెల రసాయనం బోధించారు. అందుకే ఆయన పేరిట జరిగే ఈ ఉపన్యాసానికి ఆయనకు ఎంతో ఇష్టమైన పదార్థాలనే ఎంచుకున్నాను. అవి కొవ్వు ఆమ్లాల ఎస్టర్లు. కొబ్బరి నూనె నుంచి, పామాయిల్ నుంచి, ఆముదం నుంచి వచ్చే ఈ ద్రవాలు రెండు శాస్త్రాల్లోకి వేర్వేరు దారుల్లో ప్రవేశించాయి. వాటిలో ఒకటి చర్మానికి రాసే మందుల శాస్త్రం. ఇంకొకటి ఎంజైముల రసాయనం. ఈ రెండింటినీ కలిపి చదివితే అసలు కథ నీటిదేనని నాకు గట్టిగా అనిపిస్తుంది. ఎస్టర్ బంధం నీటిలో తెగుతుంది. నీరు తగ్గితే అదే బంధం ఏర్పడుతుంది. ఇవాళ నేను చెప్పబోయే చరిత్రంతా ఈ విషయం చుట్టూనే తిరుగుతుంది.

కొవ్వు అంటే ఏమిటో మొదట తేల్చింది ఫ్రాన్సుకు చెందిన మిషెల్ షెవ్రేల్. సబ్బును పరీక్షించడంతో మొదలుపెట్టి, 1823లో అచ్చయిన గ్రంథంలో కొవ్వులు గ్లిసరాల్, కొవ్వు ఆమ్లాలు కలిసి ఏర్పడ్డవని నిరూపించాడు. 1854లో మార్సెలాఁ బెర్తెలో ఆ రెండింటినీ కలిపి వేడిచేసి కొవ్వును తిరిగి తయారుచేశాడు. వేడితో ఆయన చేసిన పనిని శరీరం చల్లగా ఎలా చేస్తుందన్నదే తర్వాతి ప్రశ్న. దానికి సగం జవాబు అప్పటికే వచ్చింది. క్లోమరసం కొవ్వును విడగొడుతుందని క్లాడ్ బెర్నార్డ్ 1840లలోనే చూపించాడు.

ఇక్కడ ఆముదం గింజ దగ్గర కాసేపు ఆగుతాను. పాలమూరు, నల్గొండ ఎర్రనేలల్లో ఆముదం పండించే రైతులకు ఈ గింజ చరిత్రలో ఎంత పెద్ద స్థానం ఉందో తెలియాలి. గింజ మొలకెత్తేటప్పుడు దానిలో దాచుకున్న నూనె విడిపోతేనే మొలకకు ఆహారం అందుతుంది. 1890లో ఇంగ్లండుకు చెందిన వృక్షశాస్త్రజ్ఞుడు రేనాల్డ్స్ గ్రీన్, మొలకెత్తే ఆముదం గింజలో కొవ్వును విడగొట్టే ఎంజైము ఉందని కనుగొన్నాడు. 1902లో జర్మనీలో కాన్‌స్టైన్, హోయర్, వార్టెన్‌బెర్గ్ ఆముదం గింజల పొడితోనే నూనెలను విడగొట్టి కొవ్వు ఆమ్లాలు తీసే పద్ధతిని ప్రకటించారు. లైపేజ్ అనే ఎంజైమును పరిశ్రమ స్థాయికి తెచ్చిన తొలి ప్రయత్నాల్లో ఇదొకటి. తర్వాతి కాలంలో హైదరాబాద్ రీజినల్ రీసెర్చ్ లేబొరేటరీలో కె.టి. అచ్చయ ఇదే ఆముదం మీద పనిచేసి, దాని నుంచి వచ్చే రసాయనాలపై 1971లో ఒక సమీక్షావ్యాసం రాశారు. దేశమంతా ఆయన్ని మన ఆహార చరిత్ర రాసిన మనిషిగా గుర్తుంచుకుంది. నూనెల శాస్త్రవేత్తగా కూడా గుర్తుంచుకోవాలి.

విడగొట్టే ఎంజైము కలపగలదా? 1900లో అమెరికాలోని కెంటకీలో జోసెఫ్ కాసిల్, ఆర్థర్ లోవెన్‌హార్ట్ ఈ ప్రశ్నను సూటిగా అడిగారు. ముక్కిపోయిన వెన్న వాసన కొట్టే బ్యుటిరిక్ ఆమ్లానికి ఆల్కహాల్ చేర్చి, అందులో లైపేజ్ వేశారు. పండ్ల వాసన గల ఈథైల్ బ్యుటిరేట్ ఏర్పడింది. అంటే ఎంజైముకు సొంతంగా ఒక దిశ లేదు. చర్య ఎటు నడుస్తుందో చుట్టూ ఉన్న నీరు నిర్ణయిస్తుంది. ఇంత ముఖ్యమైన విషయం తెలిసిపోయినా, ఆ తర్వాత ఎన్నో దశాబ్దాలు ఎంజైములను నీటిలోనే వాడాలన్న నమ్మకం కొనసాగింది. నీరు లేని ద్రావకంలో ప్రోటీన్ పాడైపోతుందని పుస్తకాలు చెప్పాయి, మనమూ అదే బోధించాం.

ఆ నమ్మకాన్ని 1984లో ఎంఐటీలో అలెక్సీ జాక్స్, అలెగ్జాండర్ క్లిబనోవ్ పడగొట్టారు. పంది క్లోమం నుంచి తీసిన లైపేజ్‌ను 99 శాతం సేంద్రియ ద్రవంలో ఉంచితే, అది ట్రైబ్యుటిరిన్ అనే కొవ్వుకూ ఆల్కహాళ్లకూ మధ్య ఎస్టర్ మార్పిడి చేసింది. మిగిలిన కొద్దిపాటి నీటిని కూడా తగ్గించి 100 డిగ్రీల సెల్సియస్‌కు వేడిచేస్తే ఎంజైము గంటల తరబడి నిలిచింది, ఆ వేడిలోనే పనిచేసింది కూడా. నీటిలో అయితే అంత వేడికి వెంటనే చచ్చిపోతుంది. ప్రోటీన్ మడతలు విప్పుకోవడానికి కూడా నీరు కావాలి. నీరు లేకపోతే అది తన ఆకారంలోనే బిగుసుకుని ఉండిపోతుంది. విద్యార్థిగా ఆ పత్రం చదివినవాళ్లెవరూ దాన్ని మరచిపోలేరు.

దాని ఫలితం పరిశ్రమకు త్వరగానే అందింది. ఐసోప్రొపైల్ మైరిస్టేట్, ఐసోప్రొపైల్ పామిటేట్ వంటి ఎస్టర్లను క్రీములకోసం, లేపనాలకోసం టన్నుల కొద్దీ తయారుచేస్తారు. మైరిస్టిక్ ఆమ్లాన్ని 1841లో లయన్ ప్లేఫెయిర్ జాజికాయ కొవ్వు నుంచి వేరుచేశాడు. ఇప్పుడది ఎక్కువగా కొబ్బరి, పామ్ గింజల నూనెల నుంచి వస్తుంది. (ఐసోప్రొపైల్ ఆల్కహాల్ మాత్రం చాలావరకు పెట్రోలియం నుంచే వస్తుంది. కాబట్టి ఈ ఎస్టర్లను పూర్తిగా మొక్కలవని అనడం నిజాయితీ కాదు.) పాత పద్ధతిలో ఆమ్ల ఉత్ప్రేరకం వేసి బాగా వేడిచేయాలి. రంగు, వాసన వస్తాయి, వాటిని తీసేయడానికి మళ్లీ ఖర్చు. చిన్న పూసలమీద అంటించిన లైపేజ్‌తో అయితే 60 డిగ్రీల దగ్గర పని అయిపోతుంది. చర్యలో పుట్టే నీటిని వాక్యూమ్‌తో లాగేస్తూ ఉంటే ఎస్టర్ ఏర్పడుతూనే ఉంటుంది. కాసిల్, లోవెన్‌హార్ట్ పరీక్షనాళికలో చూసిందే ఇక్కడ రియాక్టర్‌లో నడుస్తోంది.

ఇక చర్మం సంగతి.

చర్మం పైన స్ట్రాటం కార్నియం అనే మృతకణాల పొర ఉంటుంది. దాని మందం 10 నుంచి 20 మైక్రోమీటర్లు. శరీరంలోకి వెళ్లే మందును ఆపేది ముఖ్యంగా ఈ పొరే. కెరటిన్ నిండిన కణాలను ఇటుకలు అనుకుంటే, వాటి మధ్య ఉన్న కొవ్వులు సున్నం. ఈ పోలిక 1970లలో శాస్త్రవేత్తలే వాడారు, ఇప్పటికీ దీనికంటే మంచిది రాలేదు. కింది కణజాలంలో నీరు 70 శాతం దాకా ఉంటే, ఈ పొరలో అందులో సగం కూడా ఉండదు. 1952లో ఇర్విన్ బ్లాంక్ చేసిన ప్రయోగం నాకు చాలా ఇష్టం. ఎండిన కాయ కాచిన చర్మపు ముక్కలను నూనెల్లో నానబెట్టాడు. అవి పెళుసుగానే ఉన్నాయి. నీటిలో వేశాడు, మెత్తబడ్డాయి. నూనె రాస్తే చర్మం మెత్తబడుతుందని మన అమ్మమ్మలు చెప్పింది అబద్ధం కాదు. కానీ చర్మాన్ని మెత్తబరిచేది నీరే. నూనె ఆ నీటిని బయటకు పోనివ్వకుండా పట్టి ఉంచుతుంది.

మందును చర్మం గుండా రక్తంలోకి పంపే పట్టీలకు అలెహాండ్రో జఫరోని స్థాపించిన అల్జా సంస్థ దారి చూపింది. ప్రయాణంలో వచ్చే వాంతులకు స్కోపొలమీన్ పట్టీని 1979లో అమెరికాలో ఆమోదించారు. అయితే చర్మం అన్ని మందులనూ రానివ్వదు. అణువు చిన్నదిగా ఉండాలి, సుమారు 500 డాల్టన్లు దాటితే చర్మం దాటడం కష్టం. రోజుకు కావలసిన మోతాదూ తక్కువగా ఉండాలి. ఇన్సులిన్‌ను ఇలా ఇవ్వలేకపోవడానికి దాని పరిమాణమే పెద్ద కారణం.

ఇక్కడ ఎస్టర్లు రెండు పనులు చేస్తాయి. కణాల మధ్య కొవ్వుల అమరికను కొంత సడలిస్తాయి, మందును తమలో కరిగించుకుని పైపొరకు అందిస్తాయి. 1995లో వచ్చిన టెస్టోస్టెరాన్ పట్టీ ఆండ్రోడెర్మ్‌లో గ్లిసరాల్ మోనోఓలియేట్, మిథైల్ లారేట్ ఉండేవి. 2000లో వచ్చిన ఆండ్రోజెల్‌లో ఆల్కహాల్‌తోపాటు ఐసోప్రొపైల్ మైరిస్టేట్ ఉంది. రాసిన తర్వాత ఆల్కహాల్ ఆవిరైపోతుంది. మిగిలిన ఎస్టర్‌లో మందు చిక్కబడి చర్మంలోకి చొచ్చుకుపోతుంది.

మందే ఎస్టర్‌గా మారిన సందర్భాలూ ఉన్నాయి. బీటామెథాసోన్ అనే స్టెరాయిడ్ నోటి ద్వారా బలమైన మందు, చర్మం మీద మాత్రం బలహీనం. 1960ల మొదట్లో మెకెంజీ, స్టౌటన్ రూపొందించిన పరీక్షలో మందు రాసిన చోట చర్మం ఎంత తెల్లబడుతుందో చూస్తారు. ఆ పరీక్షతో వెతికితే బీటామెథాసోన్ వాలరేట్ ఎస్టర్ ఎంతో శక్తిమంతమని తేలింది. ఎస్టర్ రూపంలో పైపొర దాటుతుంది, ఆ తర్వాత చర్మంలో ఉన్న ఎస్టరేజ్ ఎంజైములు దాన్ని తెంచగలవు. ఆముదం గింజలో గ్రీన్ చూసిన చర్య మన చర్మంలోనూ జరుగుతోందన్నమాట. డాక్టరు చెప్పకుండానే ఇలాంటి స్టెరాయిడ్ క్రీములను రంగు తేలడానికని ముఖానికి రాసుకునే అలవాటు మన ఊళ్లలో ఉంది. దాంతో చర్మం పలచబడుతుంది, మొటిమలు లేస్తాయి, మానేస్తే ఇంకా ఎర్రబారుతుంది. ఈ సభలో కూర్చున్న ఫార్మసీ విద్యార్థులు రేపు మందుల షాపు కౌంటర్ వెనక నిలబడతారు. ఆ ట్యూబు అడిగినవాళ్లకు ఈ మాట చెప్పాలి.

రెండు చరిత్రలూ జ్యూరిచ్‌లో కలిశాయి. అక్కడి ఈటీహెచ్ విద్యాసంస్థలో పియెర్ లుయిజి లుయిసి బృందం, ద్రావకంలో తేలే అతిచిన్న నీటి బిందువుల్లో ఎంజైములను ఉంచి పరిశోధిస్తూ వచ్చింది. సోయా నుంచి తీసే లెసిథిన్‌ను సేంద్రియ ద్రవంలో కరిగించి, ఒక్కో లెసిథిన్ అణువుకు కొద్దిపాటి నీటి అణువులు మాత్రమే కలిపితే ద్రవం ఒక్కసారిగా జెల్ అయిపోతుందని స్కార్టజ్జీని, లుయిసి 1988లో ప్రకటించారు. ఆ కొద్ది నీటి చుట్టూ లెసిథిన్ పొడవైన గొట్టాల్లా పేరుకుని ఒకదానితో ఒకటి చిక్కుకుంటుంది. నీరు ఇంకా పెరిగితే జెల్ చెదిరిపోతుంది. ద్రావకంగా ఐసోప్రొపైల్ పామిటేట్ వాడితే ఆ జెల్‌ను చర్మానికి రాయవచ్చు. 1992లో విల్లిమన్, లుయిసి తదితరులు స్కోపొలమీన్ ఈ జెల్ నుంచి చర్మం గుండా నీటి ద్రావణం కంటే గణనీయంగా ఎక్కువ వేగంతో వెళ్తుందని చూపారు.

ఆ తర్వాత జరిగింది నన్ను బాధపెడుతుంది. అమెరికాలో అప్పటికప్పుడు మందులు కలిపి ఇచ్చే ఫార్మసిస్టులు ఆ లెసిథిన్, పామిటేట్ మిశ్రమానికి ప్లూరోనిక్ అనే పాలిమర్ కరిగిన నీటిని పెద్ద మొత్తంలో కలిపారు. తయారుచేయడం తేలికైంది, చూడటానికి క్రీములా ఉంది. పేరులో ఆర్గానోజెల్ అన్న మాట మిగిలింది. కానీ అది లుయిసి జెల్ కాదు. అందులో అత్యధిక భాగం నీరే. అయినా ఆ పేరుకున్న విశ్వాసంతో ఎన్నో మందులను అందులో కలిపారు. మరణశయ్య మీద ఉన్న రోగుల వాంతులకు లోరజెపామ్, డైఫెన్‌హైడ్రమీన్, హాలోపెరిడాల్ కలిపిన జెల్‌ను మణికట్టుకు రాయడం హాస్పిస్‌లలో మామూలైంది. రోగి మింగలేడు, సూది వద్దంటాడు, కుటుంబం ఆ జెల్‌నే నమ్ముకుంటుంది.

2012లో 10 మంది ఆరోగ్యవంతులకు ఆ జెల్ రాసి రక్తం పరీక్షించారు. లోరజెపామ్, హాలోపెరిడాల్ ఎవరి రక్తంలోనూ కనిపించలేదు. 2013లో అమెరికా పాలియేటివ్ వైద్యుల అకాడమీ దాన్ని వాడవద్దని సూచించింది. 2014లో రోగుల మీద చేసిన పరీక్షలో అది ఉత్తుత్తి జెల్ కంటే మేలుగా పనిచేయలేదని తేలింది. ఆ పరీక్షలు అంతకు ముందే జరిగి ఉంటే, ఎంతోమంది తమ చివరి రోజుల్లో పనిచేసే మందును వేరే మార్గంలో పొంది ఉండేవారు.

అనంతపురంలోని జేఎన్‌టీయూ పరిశోధన సంస్థ పేరులో నూనెల సాంకేతికత, ఔషధ పరిశోధన పక్కపక్కనే ఉన్నాయి. మన ప్రాంతంలో ఈ రెండు విద్యలూ ఒకే గదిలో చదువుకునే అవకాశం ఉంది. మీలో కొందరు ఆముదం ఎస్టర్లతోనో, కొబ్బరి ఎస్టర్లతోనో కొత్త జెల్‌లు చేస్తారు. మీ ఫార్ములాలో నీరెంతో రాయండి. చర్మం దాటి మందు ఎంత వెళ్లిందో, రక్తంలో ఎంత కనిపించిందో ఆ పక్కనే రాయండి. నూనె నాణ్యత మీద వాదన వచ్చినప్పుడు మాస్టారు మొదట అడిగింది కూడా ఎప్పుడూ కొలిచిన అంకెల గురించే.